పాఠం 18: లోహపు పొరకు గంధకం వల్ల చేటు

18.1 ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• లోహపు పొర హైడ్రోజన్‌ను వేరుచేసే తీరును వివరించగలుగుతారు.
• గంధకం ఆ పొరను పాడుచేసే రెండు విధాలను గుర్తించగలుగుతారు.
• నివారణ మార్గాలను పేర్కొనగలుగుతారు.

18.2 పరిచయం
వెండి పట్టీలు కొన్నాళ్లకు నల్లబడటం మీరు చూసే ఉంటారు. గాలిలో లేశమాత్రంగా ఉండే గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి నల్లని సిల్వర్ సల్ఫైడ్‌ను ఏర్పరుస్తాయి. పట్టీలనైతే తోముకుంటాం. కర్మాగారంలో వందల డిగ్రీల వేడిలో పనిచేసే పలుచని పొరను తోమడం ఎలా?

18.3 పొర పనిచేసే తీరు
సహజవాయువుకు, నీటి ఆవిరికి మధ్య చర్య జరిపితే హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తాయి. వీటి నుంచి హైడ్రోజన్‌ను వేరుచేయడానికి పల్లాడియం పొరను వాడవచ్చు. పల్లాడియం హైడ్రోజన్‌ను విపరీతంగా పీల్చుకుంటుందని థామస్ గ్రాహం 1866లో వెల్లడించాడు.

ఈ పొరను జల్లెడ అనుకోకండి. జల్లెడకు రంధ్రాలుంటాయి, మంచి పొరకు ఉండవు. మరి హైడ్రోజన్ ఎలా దాటుతుంది?
1. హైడ్రోజన్ అణువు పొర ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది.
2. ఆ పరమాణువులు లోహంలో కరిగి, హైడ్రోజన్ పీడనం తక్కువగా ఉన్న వైపుకు ప్రయాణిస్తాయి.
3. అవతలి ఉపరితలం మీద మళ్లీ జతకూడి అణువులుగా బయటికి వస్తాయి.
మిగిలిన వాయువులు ఇలా దాటలేవు.

18.4 గంధకం చేసే హాని
వాయువులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే రెండు రకాల హాని జరుగుతుంది.

(అ) చోటును ఆక్రమించడం: గంధకపు పరమాణువులు ఉపరితలానికి గట్టిగా అంటుకుంటాయి. హైడ్రోజన్ విడిపోవడానికి చోటు తగ్గుతుంది. శుద్ధ హైడ్రోజన్‌ను వేడిమీద పంపితే ఈ గంధకం చాలావరకు తొలగిపోతుంది.

(ఆ) సల్ఫైడ్ ఏర్పడటం: గంధకం ఎక్కువైతే లోహమే మారిపోతుంది. నాలుగు పల్లాడియం పరమాణువులకు ఒక గంధకపు పరమాణువు చొప్పున కలిసి సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. దీని గుండా హైడ్రోజన్ చాలా నెమ్మదిగా వెళుతుంది. అంతేకాదు, లోహంలో బిగువు పెరిగి సన్నని చీలికలు రావచ్చు. అప్పుడు అన్ని వాయువులూ దాటిపోతాయి. పొర ఉండీ లేనట్లే. సల్ఫైడ్‌ను తరవాత తొలగించినా చీలిక పూడదు.

18.5 నివారణ
మొదటి మార్గం, గంధకాన్ని ముందే తీసివేయడం. వేడి జింక్ ఆక్సైడ్ గుళికల గుండా వాయువును పంపితే, హైడ్రోజన్ సల్ఫైడ్‌లోని గంధకం జింక్ సల్ఫైడ్‌గా మారి అక్కడే నిలిచిపోతుంది.

రెండవ మార్గం, మిశ్రమలోహం వాడటం. పల్లాడియంకు వెండి కలిపితే హైడ్రోజన్ ప్రవాహం పెరుగుతుంది గాని, గంధకానికి అది సులువుగా లొంగుతుంది. బరువులో 60 పాళ్ల పల్లాడియంకు 40 పాళ్ల రాగి కలిపిన లోహం గంధకాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. అయితే గంధకం మోతాదు మించితే దానికీ హాని తప్పదు. అందుకే మొదటి మార్గాన్ని విడిచిపెట్టరాదు.

పాఠ్యగత ప్రశ్నలు
1. లోహపు పొరను జల్లెడతో ఎందుకు పోల్చరాదు?
2. ఒక పొర నుంచి వచ్చే హైడ్రోజన్ తగ్గింది. శుద్ధ హైడ్రోజన్ పంపాక ప్రవాహం మునుపటి స్థాయికి చేరింది. జరిగిన హాని ఏది?
3. అవతలి వైపు కార్బన్ డయాక్సైడ్ కనిపించింది. మీరేమి అనుమానిస్తారు?

జవాబులు
1. దానికి రంధ్రాలుండవు, హైడ్రోజన్ పరమాణువులుగా కరిగి దాటుతుంది.
2. (అ) చోటును ఆక్రమించడం.
3. పొరలో చీలిక ఏర్పడిందని.