మక్కచేను గట్టుమీద సఫారీ

సఫారీ అనగానే మా తాతకు బట్టల సఫారీ గుర్తొస్తుంది. పెండ్లికి కుట్టించుకున్న బూడిదరంగు సూటు ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది. నిజానికి ఆ మాట స్వాహిలీ భాషది, దాని మూలం అరబ్బీ ‘సఫర్’, అంటే ప్రయాణం. ఉర్దూ పుణ్యమా అని సఫర్ మన కామారెడ్డి బస్టాండుకు కొత్తేమీ కాదు. కనుక జీపు, టోపీ, సింహం లేకపోయినా నేను చేసింది కూడా సఫారీయే అని మిత్రులకు మనవి.

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. అక్కడినుంచి మెదక్ రోడ్డు పట్టుకుంటే నాగిరెడ్డిపేట మండలంలో పోచారం చెరువు వస్తుంది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు 1916-1922 మధ్య కట్ట కట్టారు. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేట మైదానం, 1952లో అభయారణ్యమైంది. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత అన్నీ అందులో ఉన్నాయి. చలికాలంలో హిమాలయాలు దాటి, తలమీద రెండు నల్లగీతలున్న బాతులు చెరువుకు దిగుతాయి. ఇంత సంపద పక్కన పెట్టుకొని నేను ఇరవై ఏండ్లు పెరిగి, అడవిపందిని తప్ప దేన్నీ సరిగా చూడలేదు. పందినైనా చూసింది చేన్ల పడ్డదని డబ్బా కొట్టడానికి పోయినప్పుడే.

కెమెరా మా మేనబావది. కామారెడ్డిలో పెండ్లి ఫోటోలు తీస్తాడు. కొత్తది కొన్నాక పాతదాన్ని, 250 మిల్లీమీటర్ల జూమ్ లెన్సుతో సహా, నా చేతిలో పెట్టాడు. అనుభవం కూడా ఇస్తానన్నాడుగానీ అది పనికిరాలేదు. పెండ్లికొడుకును ‘ఇటు చూడు’ అంటే చూస్తాడు. మనుబోతు మనవైపు చూసిందంటే ఫోటో అయిపోయినట్టే, మరుక్షణం ఉరుకుతుంది.

మొదటి నెలలో సుమారు మూడు వందల ఫోటోలు తీశాను. దుప్పి ఉండవలసిన చోట ఎర్రటి మరక, కొంగ ఉండవలసిన చోట తెల్లటి మరక. లెన్సు చెడిపోయిందనుకున్నాను. చెడింది నా లెక్క. జూమ్ పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అంతే పెద్దదై బొమ్మలో పడుతుంది. దీనికి పాతకాలపు సూత్రం ఒకటుంది: లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో, షట్టరు సెకనులో అన్నో వంతుకన్నా వేగంగా ఉండాలి. నా కెమెరా సెన్సారు చిన్నది కాబట్టి 250ని సుమారు ఒకటిన్నరతో హెచ్చవేయాలి. అంటే 1/400 దాకా రావాలి. నేను సాయంత్రం చీకట్లో 1/60 దగ్గర తీస్తున్నాను! జంతువు నడుస్తుంటే 1/500, ఉరుకుతుంటే 1/1000 కావాలి. షట్టరు వేగం రెట్టింపైతే వెలుతురు సగమవుతుంది. ఆ లోటు ఐఎస్ఓ పెంచి పూడ్చాలి. 1600కు పెంచితే బొమ్మమీద ఇసుక చల్లినట్టు గింజలు వస్తాయి. రానీయండి. గింజలున్న దుప్పి దుప్పే, మరక మాత్రం ఎప్పటికీ మరకే.

ఇంకో చిక్కు కెమెరా తెలివితో వచ్చింది. అది ప్రపంచమంతా సగటున బూడిదరంగులో ఉంటుందని నమ్ముతుంది. మగ మనుబోతు నల్లనీలం ఒంటితో ఫ్రేమంతా నిండితే, అయ్యో చీకటని వెలుతురు పెంచి దాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజరును కొద్దిగా మైనస్ చేయాలి. నల్లని నీళ్లమధ్య ఒంటరి కొంగకూ మైనసే, ఎందుకంటే కెమెరా చూసేది కొంగను కాదు, చుట్టూ ఉన్న నీళ్లను. ఈ సంగతి పట్టుబడేసరికి సంక్రాంతి వచ్చింది.

ఇక బట్టల సంగతి. ఎర్ర అంగీ వేసుకుంటే జంతువులు బెదురుతాయని ఊళ్లో అంటారు. దుప్పి కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. దానికి ఎరుపు సరిగా తెలియదు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. సబ్బుపొడిలో తెల్లదనం కోసం కలిపే పదార్థం అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలికాంతిగా వదులుతుంది. అంటే మా అమ్మ తళతళలాడేటట్టు ఉతికిన తెల్ల అంగీ నాకు పెద్ద శత్రువు! పొలంపనికి కట్టుకునే మాసిన బట్టలే మేలు. అయితే రంగుకన్నా కదలిక, కదలికకన్నా వాసన ముందుగా పట్టిస్తాయని నా అనుభవం.

గుర్తుంచుకోవలసినది ఇంకొకటి: అభయారణ్యంలోకి ఇష్టమొచ్చినట్టు పోరాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం లోపల ఫోటోలు తీయడానికి కూడా అటవీశాఖ అనుమతి కావాలి. బయట కూడా, తెలియని చేను గట్లమీద రాత్రి నడవకండి. పందులకని దొంగతనంగా కరెంటు తీగలు పెట్టేవాళ్లున్నారు. అది నేరం. పైగా తీగకు పంది, మనిషి అనే తేడా లేదు.

అందుకని నేను మా చేనుకే పరిమితమయ్యాను. యాసంగి మక్క పాలుపట్టే దశలో ఉంది. మనుబోతులు రోజూ పొద్దుగూకేవేళ వస్తున్నాయి. బాపు, నేను ఒకే మంచెమీద కూర్చునేవాళ్లం. ఆయన చేతిలో డబ్బా, నా చేతిలో కెమెరా. ఒకరోజు ఒక పెద్ద మగది గట్టు దాటుతుంటే ‘బాపూ, ఒక్క నిమిషం ఆగు’ అన్నాను. ఆగాడు. ఆ నిమిషంలో అది సాలు పొడుగునా కంకులు విరిచేసింది. నేను తీసిన పన్నెండు ఫోటోల్లో ఒక్కటి కూడా బాగా రాలేదు. బాపు తిట్టలేదు. ‘నీ నిమిషం మస్తు ఖరీదయిందిరా బిడ్డా’ అన్నాడంతే. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పూర్వం ఆరో నిజాం దగ్గర ఉండిన రాజా దీన్ దయాళ్ వేటల ఫోటోలు చూశాను. పులి దొరల కాళ్లముందు పడి ఉంటుంది, కదలదు. చచ్చినదాన్ని తీయడం సుళువు. ఆ తర్వాత 1920లలో ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తరాది అడవుల్లో దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, పులి కాలు తగలగానే వెలుగు పడి తన ఫోటో తనే దిగేటట్టు చేశాడు. ఆయన పుస్తకం 1927లో వచ్చింది. తీగతోనే మనిషి రెండు రకాల పనులు చేస్తాడన్నమాట.

మరుసటి వారం బాపే దగ్గరికి పిలిచి చెప్పాడు: ‘మంచె దిగు. పడమటి గట్టుకు కూసో. గీ దినాలల్ల గాలి తూర్పుకెల్లి వస్తది, నీ వాసన దానికి తగలది.’ ఫిజిక్సు చదివే నాకు తట్టనిది, సాయంత్రం ఎండ కూడా పడమటినుంచే వస్తుందని. గాలి ముఖానికి, వెలుతురు వీపుకి! పొద్దునైతే ఈ రెండూ కుదరవు. గాలి చూసి కూర్చుంటే సూర్యుడు కంట్లో పడతాడు. ఆ రోజు కంది చెట్ల చాటున నేలకు ఆనుకొని, కెమెరా దాని కంటి ఎత్తులో పెట్టి గంటన్నర కూర్చున్నాను. 1/500, మైనస్ కొద్దిగా. మనుబోతు వచ్చింది, తల ఎత్తింది, మూతిమీద మక్క పీచు. ఒకటే ఫోటో తీసి నేనే లేచి అదిలించాను.

బావ దాన్ని పెద్దగా కడిగించి ఇచ్చాడు. మా అవ్వ ‘ఎంత సక్కగున్నదే’ అన్నది. బాపు దీపం కిందికి తీసుకుపోయి చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడనుకొని నేను పక్కన నిలబడ్డాను.

‘ఎడమ దిక్కు మూడు కర్రలు ఇరిగినయి,’ అన్నాడు. ‘రేపు గటు దిక్కు కంప కొడుదాం. నీ కెమెరా కూడా తెచ్చుకో.’