కంప్యూటరు యాక్టివేషన్ చిక్కులు: పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన సంగతులు

గ్రామ పంచాయతీ కార్యాలయమున ఒకప్పుడు దస్తరముల బీరువాకు ఎంత ప్రాముఖ్యము ఉండెడిదో, నేడు కంప్యూటరునకు అంత ప్రాముఖ్యము కలిగినది. 2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనది. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీ రాజ్ దినమున, ఈ-గ్రామ్‌స్వరాజ్ అను ఏర్పాటు దేశమంతటికి ప్రవేశపెట్టబడినది. గ్రామాభివృద్ధి ప్రణాళిక, పనుల ప్రగతి, జమాఖర్చులు అందు నమోదగుచున్నవి. ఆర్థిక సంఘపు నిధుల నుండి చేయు చెల్లింపులు అధికృతుల డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. ఇట్లు పంచాయతీ ధనమునకు ద్వారమువలె నున్న ఈ యంత్రమును గూర్చి సభ్యులకు కొంత పరిజ్ఞానము ఉండుట అవసరము.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలోని కార్యాలయములందే గాక, అన్ని చోట్లను తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. కంప్యూటరు తెరపై క్రింద కుడిమూలన "విండోస్‌ను యాక్టివేట్ చేయుడు" అను భావముగల అక్షరములు మసకగా కనిపించును. ఎంత ప్రయత్నించినను అవి తొలగవు. అప్పుడు మరమ్మతు చేయువానిని పిలుచుట, అతడు ఏదో చేసి ఆ అక్షరములను మాపివేయుట, కార్యాలయమువారు సంతోషించుట పరిపాటియైనది. అక్షరములు మాసిపోయినంత మాత్రమున చిక్కు తీరినదని భావించుట ప్రమాదకరమని తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

యాక్టివేషన్ అనగానేమి?

కంప్యూటరును నడిపించు మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన కార్యాలయములలో అధికముగా వాడుకలోనున్నది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. కంప్యూటరు కొనిన వారికి యంత్రముపై సంపూర్ణ స్వామ్యము వచ్చును గాని, విండోస్‌పై అట్టి స్వామ్యము రాదు. దానిని వాడుకొను అనుమతి మాత్రమే లభించును. పంచాయతీ తన చెరువును పాట పెట్టి ఇచ్చినప్పుడు పాటదారునకు చేపలు పట్టుకొను హక్కు వచ్చునే గాని, చెరువు అతనిది కాదు. సాఫ్ట్‌వేరు లైసెన్సు కూడ అట్టిదే. ఆ అనుమతి పత్రము సరియైనదేనా, ఇదే యంత్రమునకు చెందినదేనా అని అంతర్జాలము ద్వారా సరిచూచుకొనుటకే యాక్టివేషన్ అని పేరు. విండోస్‌లో ఈ పద్ధతి 2001లో విడుదలైన ఎక్స్‌పి అను తరగతితో మొదలైనది.

ఈ లైసెన్సులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది యంత్రముతోపాటు తయారీదారులు సమకూర్చునది. తోట కొనినప్పుడు కొబ్బరిచెట్లు నేలతోపాటు వచ్చునట్లు, ఇది ఆ యంత్రముతోనే వచ్చి, దానితోనే పోవును. దీనిని వేరొక కంప్యూటరునకు మార్చరాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుండి ఇట్టి యంత్రములలో ప్రొడక్ట్ కీ, అనగా 25 అక్షరముల సంకేతము, మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉండుట సాధారణము. రెండవది అంగడిలో విడిగా కొనునది. పాత యంత్రమునుండి తొలగించి మరియొక దానిలో వాడుకొనవచ్చును. మూడవది పెద్ద సంస్థలు, ప్రభుత్వ శాఖలు అనేక యంత్రములకు మొత్తముగా తీసికొనునది. ఇందలి ఒక పద్ధతిలో ప్రతి కంప్యూటరు తమ సంస్థ సర్వరును పలుకరించి అనుమతి పొందుచుండవలెను. అట్లు పొందిన అనుమతి 180 దినములు చెల్లును. యంత్రము 7 దినములకొకసారి దానిని పునరుద్ధరించుకొనుటకు ప్రయత్నించుచుండును.

మన కార్యాలయపు కంప్యూటరు ఈ మూడింటిలో ఏ తరగతికి చెందినదో తెలియనిచో చిక్కునకు పరిష్కారము దొరకదు. ఇది యంత్రమును విప్పి చూచిన తెలియునది కాదు. కొనుగోలు బిల్లు, సరఫరా ఉత్తరువు చూచిన తెలియును.

తొందరపాటు కూడదు

యాక్టివేషన్ లోపించినంత మాత్రమున కంప్యూటరులోని దస్తరములు నశింపవు. తెర రంగులు, చిత్రములు మార్చుకొనుట వంటి సదుపాయములు కొన్ని నిలిచిపోవును. హెచ్చరిక మాటిమాటికి కనిపించును. ఇంటిపన్ను లెక్కలు, తీర్మానముల ప్రతులు చెక్కుచెదరవు. కావున నాలుగు దినములు ఓపికపట్టి కారణము విచారించుటకు వ్యవధి ఉన్నది.

మరియొక భ్రమ కూడ తొలగవలెను. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దీనిని గూర్చిన హెచ్చరికను చూచి కొందరు యాక్టివేషన్ పోయినదని అనుకొనుచున్నారు. ఇవి రెండును వేరు. మద్దతు ముగియుట అనగా భద్రతకు సంబంధించిన సవరణలు సాధారణముగా అందకపోవుట. లైసెన్సు రద్దగుట కాదు. అట్లే ఉత్తరములు, పట్టికలు వ్రాయుటకు వాడు ఆఫీస్ సాఫ్ట్‌వేరునకు వేరే లైసెన్సు ఉండును. హెచ్చరిక దేనిని గూర్చియో ముందుగా చదువుకొనవలెను.

పరీక్షింపవలసిన క్రమము

కంప్యూటరులో సెట్టింగ్స్ తెరచి, విండోస్ 11 అయినచో సిస్టమ్ అను భాగమునను, విండోస్ 10 అయినచో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ అను భాగమునను యాక్టివేషన్ అను పేరు వెదుకవలెను. అచ్చట లోపమునకు గుర్తుగా ఒక దోషసంఖ్య కనిపించును. దానిని అక్షరము తప్పకుండ కాగితముపై వ్రాసికొనవలెను. జ్వరము వచ్చినప్పుడు వైద్యుడు నాడి చూచునట్లు, ఈ సంఖ్యను బట్టియే కారణము ఊహింపవలెను. పిమ్మట ఈ క్రింది వరుసను అనుసరింపవలెను.

1. తేదీ, వేళ: యంత్రములోని గడియారము తప్పినచో అంతర్జాలమందలి సర్వరులు దాని మాటను నమ్మవు. 80072ఎఫ్8ఎఫ్ అను సంఖ్య తరచుగా ఈ దోషమును తెలుపును. తేదీ దిద్దిన తరువాత కూడ, విద్యుత్తు పోయి వచ్చినప్పుడెల్ల పాత సంవత్సరము చూపుచున్నచో మదర్‌బోర్డుపై నాణెమువలె నుండు చిన్న బ్యాటరీ క్షీణించినదని అర్థము. అది స్వల్ప వ్యయముతో మార్చదగిన వస్తువు.

2. అంతర్జాలము: సంబంధము ఉన్నదో లేదో చూచి, కొంతసేపటికి మరల ప్రయత్నింపవలెను. సర్వరుల వద్ద రద్దీ ఉన్నప్పుడు కూడ లోపము కనిపించుట కలదు.

3. తరగతి భేదము: యంత్రముతో వచ్చినది హోమ్ తరగతియై, మరమ్మతులో ప్రో తరగతిని ఎక్కించినచో పాత లైసెన్సు పనికిరాదు. సి004ఎఫ్034 అను సంఖ్య, కీ తప్పైనదనిగాని వేరొక తరగతికి చెందినదనిగాని తెలుపును. ఇట్టిచోట క్రొత్తగా కొనుట కాదు, వచ్చిన తరగతినే మరల ఎక్కించుట పరిష్కారము.

4. విడిభాగముల మార్పు: సి004ఎఫ్211 అను సంఖ్య యంత్రభాగములు మారినవని తెలుపును. హెచ్చరిక ప్రక్కన నుండు ట్రబుల్‌షూట్ అను మీటను నొక్కి, ఇటీవల భాగములు మార్చితిమని సూచించు అవకాశమును ఎన్నుకొనవలెను. లైసెన్సు అంతకు ముందే ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడి ఉండిననే ఈ మార్గము ఫలించును.

5. శాఖ సర్వరు: సి004ఎఫ్074 అను సంఖ్య కనిపించినచో, యంత్రము ఏదో సంస్థ సర్వరుకొరకు వెదకి కానక నిలిచినదని గ్రహింపవలెను. కంప్యూటరు నిజముగా శాఖవారు మొత్తపు లైసెన్సుతో ఇచ్చినదైనచో, శాఖ నెట్‌వర్కుతో సంబంధము కలిపి, సాంకేతిక సిబ్బందికి తెలుపవలెను. పంచాయతీ స్వయముగా అంగడిలో కొనిన యంత్రములో ఈ సంఖ్య కనిపించినచో, ఎవరో మనకు చెందని ప్రతిని ఎక్కించినారేమో అని అనుమానింపవలెను.

6. కీ దోషము: సి004సి008 అనగా ఆ కీ అనుమతించిన దానికంటె ఎక్కువ యంత్రములలో వాడబడినదని అర్థము. సి004సి003 అనగా దానిని సర్వరు అంగీకరింపలేదని, నిషేధింపబడి ఉండవచ్చునని అర్థము. కొన్ని వందల రూపాయలకే దొరకు కీలు పెక్కు సందర్భములలో ఇట్టివే. కొన్నాళ్లు పనిచేసి పిమ్మట చెల్లకుండ పోవును. అమ్మినవానిని బిల్లుతోసహా నిలదీయవలెను. బిల్లు లేనిచో నిలదీయుటకు ఆధారమే లేదు.

కోనసీమకు విశేషించి చెప్పవలసినది

పై వాటిలో నాల్గవది మన ప్రాంతమునకు దగ్గరిది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రపు అంచున నున్న ఈ సీమలో గాలి తేమగలది, తీరమున ఉప్పుగలది. 1996 నవంబరు 6వ తేదీ తుపానును, 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి వరదను లంక గ్రామములవారు మరువజాలరు. తేమచేతను, విద్యుత్ ప్రవాహపు హెచ్చుతగ్గులచేతను మదర్‌బోర్డు చెడుట జరుగుచుండును. లైసెన్సు మదర్‌బోర్డును గుర్తుగా పెట్టుకొనియుండును గనుక, దానిని మార్చగానే యంత్రము తన అనుమతిని కోల్పోవుట సంభవించును.

ఒక ఉదాహరణము చూతము. ఒక లంక గ్రామ కార్యాలయమున వానకాలములో మదర్‌బోర్డు చెడినదనుకొందము. వారంటీ గడువు ఇంకను ఉన్నది. తయారీదారుల సేవాకేంద్రమునకు పంపినచో వారు బోర్డుతోపాటు లైసెన్సును కూడ నిలబెట్టుదురు. ఆలస్యమగునని ఎంచి, దారిన దొరికినవానిచే వేరొక బోర్డు వేయించినచో వారంటీయు పోవును, లైసెన్సును పోవును. మిగిలిన దినములు అంతకంటె ఖరీదైనవగును. కావున వరదకాలమునకు ముందే కంప్యూటరును ఎత్తైన బల్లపై ఉంచుట, దస్తరముల ప్రతిని వేరొక చోట భద్రపరచుట, వారంటీ గడువును వ్రాసియుంచుట మేలు.

అడ్డదారివలన అనర్థము

ఇక అసలు ప్రమాదమునకు వత్తము. హెచ్చరికను మాపుటకు క్రాక్ అను దొంగ సాఫ్ట్‌వేరులు కలవు. ఇవి సంస్థ సర్వరువలె నటించి కంప్యూటరును మోసగించును. వీనిని ఎక్కించుటకు ముందు వైరస్ నిరోధక సాఫ్ట్‌వేరును ఆపుమని అడుగుట పరిపాటి. కావలివానిని నిద్రపుచ్చి తలుపు తెరచినట్లే గదా! అట్టి వానితో కలిసి సంకేతపదములను దొంగిలించునవి, దస్తరములకు తాళము వేసి ధనమడుగునవి లోనికి ప్రవేశింపవచ్చును. అదే యంత్రములో సర్పంచి డిజిటల్ సంతకపు టోకెను గ్రుచ్చి నిధుల చెల్లింపు జరుగుననుట మరువరాదు. మసక అక్షరములు మాయమైన సంతోషమునకు ఊరి రోడ్లకును, మంచినీటికిని వచ్చిన ధనమును పణముగా పెట్టుట తగునా?

చట్టము కూడ దీనిని క్షమింపదు. 1957 నాటి కాపీరైట్ చట్టము 63-బి విభాగము ప్రకారము, అక్రమ ప్రతియని తెలిసియు కంప్యూటరులో వాడినవారికి 7 దినములకు తక్కువ కాకుండ 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. వ్యాపార లాభాపేక్ష లేనిచోట శిక్ష తగ్గించు అధికారము న్యాయస్థానమునకు కలదు గాని, ప్రజాసంస్థకు అది గౌరవము కాదు.

ఇట్టి సాఫ్ట్‌వేరు ఇదివరకే ఎక్కించబడినదని అనుమానము కలిగినచో వెంటనే అంతర్జాల సంబంధము తొలగించి, ఆ యంత్రముపై డిజిటల్ సంతకము వాడుట ఆపవలెను. పై అధికారులకు తెలిపి, దస్తరముల ప్రతి తీయించి, అసలైన విండోస్‌ను మొదటి నుండి ఎక్కింపవలెను. సంకేతపదములన్నియు వేరొక మంచి యంత్రమునుండి మార్చవలెను. ధనము పోయినట్లు తెలిసినచో 1930 అను సంఖ్యకు ఆలస్యము చేయక ఫోను చేయవలెను.

సభ్యులు చేయదగిన పనులు

సాంకేతిక విద్య లేకున్నను సభ్యులు చేయగల పనులు కొన్ని కలవు. కంప్యూటర్లకు ఒక రిజిస్టరు తెరిపింపవలెను. అందు యంత్రము పేరు, క్రమసంఖ్య, విండోస్ తరగతి, లైసెన్సు విధము, బిల్లు తేదీ, వారంటీ గడువు, కీ యొక్క చివరి అయిదక్షరములు, మరమ్మతు జరిగిన తేదీలు వ్రాయవలెను. పూర్తి కీని కవరులో ముద్రవేసి బీరువాలో ఉంచవలెను. లైసెన్సును ముడివేయు ఖాతా కార్యాలయము పేరనే ఉండవలెను. ఉద్యోగి సొంత ఖాతాతో ముడివేసినచో, అతడు బదిలీయైన నాడు తాళపుచెవి కూడ అతనితోనే వెళ్లిపోవును.

మరమ్మతుకు పంపునపుడు డిజిటల్ సంతకపు టోకెనుగాని, దాని రహస్యసంఖ్యగాని యంత్రముతో పంపరాదు. బిల్లులో విండోస్ ఎక్కించితిమని ఉన్నచో దాని లైసెన్సు ఏదని సమావేశమున ప్రశ్నింపవలెను. ఈ ఒక్క ప్రశ్న పెక్కు అనర్థములను ఆపగలదు.

లైసెన్సు కొనుటకు నిధులు చాలనిచోట వేరొక న్యాయమైన మార్గము కలదు. భారత ప్రభుత్వ సంస్థయైన సి-డాక్ వారు రూపొందించిన బాస్ అను ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితముగా లభించును. దానికి యాక్టివేషన్ అను చిక్కే లేదు. తెలుగుతోసహా భారతీయ భాషలలో పనిచేయును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్య ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులతోనే సాగుచున్నది. అయితే మన ముద్రణయంత్రము, డిజిటల్ సంతకపు టోకెను దానిపై పనిచేయునో లేదో ముందుగా ఒక యంత్రముపై పరీక్షించి, పై అధికారుల అనుమతితో మార్చుకొనుట మంచిది.

చెరువు పాటలో పత్రము చూడక సంతకము చేయు సభ్యుడు ఉండడు. కంప్యూటరు విషయమునను అంతే జాగ్రత్త చూపినచో చాలును. హెచ్చరిక కనిపించిన దినమున మొదట తెరువవలసినది యంత్రపు పెట్టెను కాదు, కార్యాలయపు రిజిస్టరును. అది సరిగా ఉన్నచో పెక్కు చిక్కులు అక్కడనే తీరును.