యాది మందు పనిచేస్తుందా?

పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే చాలు, దుకాణాలలో కొత్త సీసాలు కనబడతాయి. సీసా మీద నవ్వే పిల్లవాని బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: జ్ఞాపకశక్తి టానిక్. ఆ అక్షరాలు ఇప్పుడు మీరే చదవగలరు. మరి చదివినదంతా నమ్మవచ్చునా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇద్దరు అక్కల మాటలు

రఘునాథపల్లి అంగడిలో ఇద్దరు అక్కలు మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

"నా బిడ్డకు చదివింది యాదికి ఉంటలేదు అక్కా. టానిక్ కొందామనుకుంటున్న."

"ఎంతట?"

"సీసాకు మూడు వందలట. మూడు సీసాలు తాగాల్నట."

"పని చేస్తదని ఎట్ల తెలుసు?"

"మా ఆడబిడ్డ కొడుకు తాగిండు. పాసైండు."

"తాగనోళ్ళు పాస్ కాలేదా?"

మొదటి అక్క దగ్గర జవాబు లేదు. అసలు ప్రశ్న ఇదే. ఆ పిల్లవాడు టానిక్ తాగాడు, నిజమే. కానీ రోజూ చదివాడు కూడా. పరీక్ష ముందు తల్లి వేళకు అన్నం పెట్టింది. పొలం పనికి పంపలేదు. దేనివల్ల పాసయ్యాడో ఎట్లా చెప్పగలం?

మందును ఎట్లా పరీక్షిస్తారు?

డాక్టర్లు కొంతమందిని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు అసలు మందు ఇస్తారు. రెండో జట్టుకు మందు లేని ఉత్త గోలీ ఇస్తారు. రెండు గోలీలూ చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి. ఎవరికి ఏది దొరికిందో వాళ్ళకు తెలియదు. కొన్నాళ్ళకు రెండు జట్లనూ పరీక్షిస్తారు. అసలు మందు తిన్న జట్టు ముందుంటేనే ఆ మందు పనిచేసినట్టు.

ఉత్త గోలీ ఎందుకు? "మందు తిన్నాను" అనే ధైర్యంతోనే కొందరు కుదురుగా చదువుతారు. ఆ ధైర్యం చేసే పని ఎంత, మందు చేసే పని ఎంత అని విడదీయడానికే ఈ ఏర్పాటు.

పరీక్షలలో ఏం తేలింది?

గింకో అనే చెట్టు ఆకుతో చేసిన గోలీలు చాలా దేశాలలో యాది కోసం అమ్ముతారు. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 3,069 మందిని రెండు జట్లు చేసి, దాదాపు ఆరేళ్ళు చూశారు. 2008, 2009 లలో ఫలితాలు వచ్చాయి. ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బును గింకో ఆపలేదు. ఉత్త గోలీ తిన్నవాళ్ళకూ వీళ్ళకూ తేడా లేదు.

మన దేశంలో బ్రాహ్మి ఆకుకు పెద్ద పేరు. దీనినీ సరస్వతి ఆకునూ చాలామంది ఒకటే అనుకుంటారు. కాదు, అవి రెండు వేరు మొక్కలు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ బ్రాహ్మి మీద చాలా ఏళ్ళు పనిచేసింది. 2002 లో ఆస్ట్రేలియాలో 76 మంది మీద ఒక పరీక్ష ఫలితం వచ్చింది. వాళ్ళు 40 నుంచి 65 ఏళ్ళవాళ్ళు. మూడు నెలలు రోజూ బ్రాహ్మి తిన్నవాళ్ళు నేర్చిన కొత్త సంగతులను కొంచెం తక్కువ మరిచిపోయారు. కానీ నేర్చుకునే వేగం పెరగలేదు.

అంటే బ్రాహ్మిలో ఏమీ లేదని కాదు. ఉన్నది కొంచెం. అదీ నెలల తరబడి తింటే. కొందరికి కడుపులో వికారం కూడా చేస్తుంది. పరీక్షకు పది రోజుల ముందు సీసా తెచ్చి తాగిస్తే అక్కరకు రాదు.

సీసాలో ఇంకేమైనా ఉందా?

2004 లో అమెరికాలోని బోస్టన్ నగరంలో, మన దేశం వైపు సరుకులు అమ్మే దుకాణాలనుంచి 70 రకాల ఆయుర్వేద మందులు కొని పరీక్షించారు. 14 రకాలలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. తెలివి కోసం తాగించింది తెలివికే ముప్పు తెస్తే? అందుకే ఊరూరు తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర, పేరూ ఊరూ లేని పొట్లాలు కొనవద్దు.

చట్టం ఏమంటుంది?

1945 నాటి మందుల నిబంధనలలో షెడ్యూల్ 'జె' అనే పట్టిక ఉంది. "దీనిని నయం చేస్తాం" అని మందుల మీద రాసుకోకూడని సంగతులు అందులో ఉన్నాయి. మెదడు శక్తి పెంచడం, జ్ఞాపకశక్తి బాగుచేయడం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. కొన్ని సీసాలు మందుల పేరుతో కాక, ఆహారం పేరుతో వస్తాయి. వాటి మీద "వైద్యానికి వాడరాదు" అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఉంటుంది. బడికి పోయే పిల్లలతో ఆ చిన్న అక్షరాలు చదివించుకోండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.

మెదడుకు నిజంగా ఏం కావాలి?

ఒకటి, అయోడిన్. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచే బిడ్డ మెదడు ఎదగడానికి ఇది కావాలి. కావలసింది చాలా కొంచెం. కానీ అది లేకపోతే జరిగిన నష్టం మళ్ళీ పూడదు. అయోడిన్ కలపని ఉప్పును తిండికి అమ్మరాదని 2006 లో కేంద్ర ప్రభుత్వం ఆపింది. పొట్లం మీద నవ్వే సూర్యుని గుర్తు చూసి కొనండి. మూత పెట్టి, పొయ్యికీ తడికీ దూరంగా ఉంచండి.

రెండు, ఇనుము. నెత్తురు తక్కువైతే అలసట వస్తుంది, మనసు చదువు మీద నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. చిన్న పిల్లలు నూటికి 70 మంది. సర్కారు ఇనుము గోలీలు ఉచితంగా ఇస్తుంది. చిన్న బడి పిల్లలకు గులాబీ రంగువి, ఎదిగే పిల్లలకు నీలం రంగువి, గర్భిణులకు ఎర్రవి. చాయతో కలిపి మింగవద్దు. దొడ్డికి నల్లగా వస్తే భయపడవద్దు. తోటకూర, మునగాకు, పప్పులు తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి.

మూడు, నులిపురుగుల గోలీ. పురుగులు ఒంట్లోని సత్తువను తినేస్తాయి. 2015 నుంచి అంగన్‌వాడీలలో, బడులలో ఈ గోలీలు వేస్తున్నారు. ఆ రోజు పిల్లలను తప్పక పంపండి.

నాలుగు, నిద్ర. పగలు నేర్చింది మెదడులో గట్టిపడేది రాత్రి నిద్రలోనే. తెల్లవార్లూ మేలుకొని చదివితే ఉన్నదీ పోతుంది.

మన యాది ఎక్కడికి పోలేదు

"మాకు వయసైంది, అక్షరాలు నిలుస్తలేవు" అంటారు కొందరు అక్కలు. మరి బతుకమ్మ పాటలు ఎన్ని వస్తాయి మీకు? ఏ టానిక్ తాగి నేర్చుకున్నారు? ఏటేటా పాడారు. పదిమందిలో చప్పట్లు కొడుతూ పాడారు. పుస్తకం చూడకుండా పాడారు. అందుకే నిలిచాయి. అక్షరాలకూ అదే దారి. ఈ రోజు చదివిన పాఠం మూసి, ఏముందో చూడకుండా చెప్పండి. రేపు ఒకసారి, వారానికి ఒకసారి మళ్ళీ చెప్పండి. మరిచిన చోటే పుస్తకం తెరవండి.

ఒక జాగ్రత్త. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మతిమరుపు పెరిగినా, తెలిసిన దారి తప్పిపోతున్నా టానిక్‌తో కాలం గడపవద్దు. సర్కారు దవాఖానకు తీసుకుపోండి. థైరాయిడ్ జబ్బు, బి-12 విటమిన్ లోపం, తీరని దిగులు కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి వైద్యం ఉంది.

లెక్క చేయండి

టానిక్ సీసా 300 రూపాయలు అనుకుందాం. మూడు సీసాలకు ఎంత? గుడ్డు 6 రూపాయలు అనుకుంటే, ఆ డబ్బుకు ఎన్ని గుడ్లు వస్తాయి? రోజుకు ఒకటి చొప్పున మీ బిడ్డకు ఎన్ని నెలలు వస్తాయి?

మాట్లాడుకోండి

1. మీ ఇంటి ఉప్పు పొట్లం మీద ఏ గుర్తు ఉంది? తెచ్చి అందరికీ చూపండి.
2. "తాగిండు, పాసైండు" అనే మాటలో లోపం ఏమిటి?
3. మీకు వచ్చిన ఒక పాటను నాలుగు వరుసలు చూడకుండా పలక మీద రాయండి.