మెట్టు దిగిన కోచ్

ప్యాకేజీ తగ్గితే ఓడిపోయినట్టే అనుకునే బ్యాచ్ మనది. మొన్న మా సీనియర్ ఒకాయన ఉద్యోగం మానేసి పాఠాలు చెప్తానంటే "అయ్యో" అనేశాను. తర్వాతే హెర్బ్ బ్రూక్స్ గురించి చదివాను.

1980 ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుని 4-3తో ఓడించిన అమెరికా ఐస్ హాకీ కోచ్ ఆయన. తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో న్యూయార్క్ రేంజర్స్‌కి కోచ్. అలాంటాయన 1986లో, డివిజన్ 3లో ఆడే సెయింట్ క్లౌడ్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు!

ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పట్లో సీజన్‌కి 80 మ్యాచ్‌లు, ప్రయాణాలకే సరి. కాలేజీ మ్యాచ్‌లు ఎక్కువగా శుక్ర, శనివారాల్లోనే. మిగతా రోజులు ప్రాక్టీసు, అంటే నేర్పడానికి టైమ్.

ఉన్నది ఒక్క సీజనే. అయినా ఆ జట్టు డివిజన్ 1కి ఎదగడంలో ఆయన చెయ్యి ఉంది. ఇప్పుడు అక్కడి రింక్‌కి ఆయన పేరే.

అన్నా, ఆ "అయ్యో" వెనక్కి తీసుకుంటున్నా.