కంఠము, దేహము, విద్యుద్ధ్వని

మనుష్యుని కంఠమును, దేహమును, విద్యుత్తువలన పుట్టు ధ్వనిని ఒక్కచోట కూర్చి పాడు పద్ధతి యొకటి గత శతాబ్దమున పడమటి దేశములలో బయలుదేరెను. మొదట వినువారికి ఇది గానమేనా యని సందేహము కలుగును. అయినను దాని మర్మము మన వ్యాకరణపు మొదటి పాఠమందే యున్నది గనుక విద్యార్థుల కొఱకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఒక పరీక్ష చేయుడు. గొంతుపై రెండు వ్రేళ్లుంచి 'ఆ' యని పలుకుడు. వ్రేళ్లక్రింద అదరు తెలియును. పిమ్మట 'స్' అని దీర్ఘముగా ఊదుడు. అదరు లేదు, పండ్లసందున గాలి దూసికొనిపోవు చప్పుడే యుండును. 'ఆ' కు శ్రుతి గలదు. హెచ్చించి తగ్గించి పాడవచ్చును. 'స్' ను అట్లు పాడజాలము. (మ, న, ల మొదలగునవి ఈ రెంటికి నడుమనున్నవి, వానినిగూర్చి మఱియొకప్పుడు.) మన వైయాకరణులు అచ్చులకు ప్రాణములని పేరు పెట్టుట ఊరక కాదు.

జర్మనీలోని కొలోను రేడియో నిలయమున కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ అను సంగీతకర్త ఈ భేదమునే ఆధారము చేసికొని 1955, 1956 సంవత్సరములలో ఒక కృతిని కల్పించెను. అతడు బాన్ నగరమున వెర్నర్ మేయర్ ఎప్లర్ అను పండితునియొద్ద ధ్వనిశాస్త్రము నభ్యసించినవాడు. కృతి పేరునకు 'యువకుల గానము' అని యర్థము. ఆ యువకులెవరో మన ఆదివారపు బడి పిల్లలందఱు ఎఱుగుదురు. నెబుకద్నెజరు మండుచున్న అగ్నిగుండములో వేయించిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలే వారు. వారు ఆ మంటలలో పాడిన స్తుతిగీతము మన సంఘములలో చదువు దానియేలు గ్రంథమున లేదు. గ్రీకు ప్రతియందు గలదు.

ఆ గీతపు మాటలను పండ్రెండేండ్ల బాలుడు పాడెను. అతడే తరువాత సంగీతనాటకములలో పేరొందిన యోసెఫ్ ప్రోచ్కా. అతని కంఠమును టేపుమీద పట్టి, ముక్కలుగా కోసి, మరల అతికించిరి. అచ్చులప్రక్కన యంత్రము పుట్టించిన శుద్ధస్వరములను, హల్లులప్రక్కన యంత్రపు గాలిరొదను చేర్చిరి. కాబట్టి బాలుని ధ్వని యెక్కడ ముగిసెనో, యంత్రధ్వని యెక్కడ మొదలాయెనో చెవి పోల్చుకొనలేదు. 1956 మే 30వ తేదిన సభలో దీనిని వినిపించినప్పుడు గాయకుడు కనబడలేదు. శ్రోతలకు లౌడుస్పీకరులే పాడి వినిపించినవి.

అట్లయిన దేహమేమాయెను? పాటలో దేహమునకు గల పాలు పాలమూరివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. బుఱ్ఱకథకుడు తంబురా మీటుచు, చేతి అందెలతో తాళము వేయుచు, ముందుకు వెనుకకు అడుగులిడుచు పాడును; అడుగు తప్పిన కథయు తప్పును. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పండ్రెండు మెట్ల కిన్నెరను రొమ్మునకు చేర్చి పాడెను. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' పాటలో మొదట అతని కంఠమే వినబడి, పిమ్మట స్టూడియో వాద్యముల హోరు కలియును. 2022లో అతనికి పద్మశ్రీ లభించెను. అమెరికాలో పమేలా జీ అను గాయని చేతికదలికను పసిగట్టు పరికరములను ధరించి, చేయి త్రిప్పుటచేతనే తన కంఠధ్వనిని మార్చును. ఇట్లు దేహము మరల వేదిక నెక్కినది.

ఇక మాట సంగతి. స్టాక్‌హౌజెన్ కృతిలో మాట కొన్నిచోట్ల అస్పష్టముగను, కొన్నిచోట్ల తేటగను వినబడును. తేటబడిన ప్రతిచోట అది దేవుని స్తుతియగునట్లు అతడు కొలిచి యమర్చెను. ఆ యస్పష్టతను మేము తప్పుపట్టము. మన సభలలో ప్రతిధ్వని మీటను ఊరక త్రిప్పి కీర్తనలోని మాటను ముంచివేయుటయే మాకు నచ్చదు. తెలియని ధ్వనినిగూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాలుగవ అధ్యాయమును పెద్దలు మరల చదువవచ్చును.

జడ్చర్లలో పెద్దరహదారి రొద నడుమ సభ జరిపినను ఈ పరీక్ష చేయవచ్చును. పాడువాడు మైకునకు జానెడు దూరమున నిలిచి, ప, బ లు పలుకునప్పుడు ఊపిరి సూటిగా తగులకుండ మొగము కొంచెము ప్రక్కకు త్రిప్పవలెను. ప్రతిధ్వని మీటను పూర్తిగా తగ్గించి, కడపటి వరుసలోని చిన్నవానిని ఏ మాటలు వినబడెనో అడిగి వ్రాసికొనవలెను. మీటను హెచ్చించి, మఱియొకసారి పాడించి, మరల వ్రాసికొనవలెను. హల్లులే ముందుగా పోవును.