అక్షరం కండ్లకు ఆనాలె

వాచకంలో అక్షరాలు పెద్దగా ఉంటాయి. కొత్తగా చదువు నేర్చినవాళ్లు వేలు పెట్టి, కూడబలుక్కొని చదువుతారు. కంప్యూటర్ తెర మీద అక్షరాలు అట్లా ఉండవు. చీమల బారులాగా సన్నగా ఉంటాయి. వాటిని చూసి "నాకు చదువు రాదు" అని వెనక్కి తగ్గే అక్కలు ఉన్నారు. లోపం వాళ్లది కాదు. అక్షరం సైజుది. ఆ సైజును మార్చుకోవచ్చు.

ఒక సంగతి చూద్దాం

జగిత్యాల దగ్గర ఒక ఊరు. మహిళా సంఘంలో ఉన్న ఒక అక్క పంట అప్పుకు దరఖాస్తు రాయించడానికి కంప్యూటర్ దుకాణానికి పోయింది. పిలగాడు టైపు చేశాడు.

"చూసుకో అక్కా, అంతా సరిగ్గ ఉన్నదా?" అన్నాడు.

"గింత సన్నగుంటే ఎట్ల చదవాలె తమ్మీ? కండ్లకు ఆనుతలేదు. జర పెద్దగ చెయ్యి" అన్నది అక్క.

పిలగాడు రెండు మీటలు నొక్కాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. అక్క మెల్లగా చదివింది.

"తమ్మీ, మా భూమి ఎకరం 15 గుంటలు. నువ్వు 5 గుంటలే కొట్టినవ్" అన్నది.

పిలగాడు తప్పు దిద్దాడు. చదవకుండా సంతకం పెడితే 10 గుంటలు లెక్కలో తగ్గేవి. అప్పు కూడా తగ్గేది.

అక్షరాలు పెద్దగా చేసుకునే పద్ధతి

1. ఇంటర్నెట్ పేజీ చదివేటప్పుడు కంట్రోల్ మీట నొక్కిపట్టి, ప్లస్ గుర్తు నొక్కాలి. నొక్కిన కొద్దీ అక్షరాలు పెరుగుతాయి. కంట్రోల్‌తో సున్నా నొక్కితే మళ్లీ మొదటి సైజు వస్తుంది.

2. కంప్యూటర్ తెరవగానే కనిపించే మొదటి తెరను డెస్క్‌టాప్ అంటారు. అక్కడ ఖాళీ చోట మౌస్ బాణం పెట్టాలి. కంట్రోల్ నొక్కిపట్టి మౌస్ చక్రం పైకి తిప్పాలి. బొమ్మలు పెద్దవవుతాయి.

3. బొమ్మల కింది పేర్లు కూడా పెద్దగా కావాలంటే విండోస్ గుర్తున్న మీటతో యు అక్షరం నొక్కాలి. విండోస్ 10, 11లలో అక్షరాల సైజు మార్చే గీత ఒకటి ఉంటుంది. గీత మీది చుక్కను కుడివైపు జరపాలి. 100 శాతం నుండి 225 శాతం దాకా పెంచవచ్చు. తర్వాత అప్లై అనే చోట నొక్కాలి.

ఫోన్‌లో కూడా సెట్టింగ్స్ తెరిచి అక్షరాల సైజు మార్చుకోవచ్చు.

ఫాంటు అంటే ఏమిటి?

ఒకే "అ"ను ఒకరు గుండ్రంగా రాస్తారు. ఒకరు లావుగా రాస్తారు. కంప్యూటర్‌లో ఇట్లా అక్షరాల తీరును ఫాంటు అంటారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఫాంటు పేరు గౌతమి. బాసర, ధర్మపురి పక్కన పారే గోదావరికి కూడా గౌతమి అనే పేరు ఉంది.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్ని ఒక నంబరుతో గుర్తు పెట్టుకుంటుంది. లోకమంతటికీ ఒకే నంబరు ఉండాలని యూనికోడ్ అనే పద్ధతి పెట్టారు. 1991లోనే అందులో తెలుగు చేరింది. మన "అ" నంబరు 3077. నంబరు ఉన్నా ఫాంటు లేకపోతే తెర మీద అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. అప్పుడు తెలుగు ఫాంటు వేయమని అడగాలి.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో 2006లో గోండి లిపి రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. 2018లో ఆ లిపి "గుంజాల గోండి" పేరుతో యూనికోడ్‌లో చేరింది. దానికీ ఫాంట్లు వచ్చాయి. గుంజాల ఊరి పేరు లోకమంతా చేరింది.

తెర మీద ఉన్నది మన సంగతి. చదివే హక్కు మనది. "పెద్దగ చెయ్యి, చదువుకుంట" అని అడగడానికి సిగ్గు పడవద్దు. చదివినాకనే సంతకం.

మాట్లాడుకుందాం

1. అక్క అక్షరాలు పెద్దగా చేయమనకపోతే ఏమయ్యేది?
2. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉన్నదా?
3. మీ ఫోన్‌లో అక్షరాల సైజు మార్చి, ఈ పాఠం పేరు రాసి చూడండి.