ఏసీ గార్డ్స్ నుంచి ఆఫ్రోసెంట్రిజం దాకా

కోఠిలో పాత పుస్తకాలు తిరగేసే గ్రూప్స్ అభ్యర్థికి ఆఫ్రోసెంట్రిజం పాఠం దూరదేశపుదిగా తోస్తుంది. కానీ నాంపల్లి దాటితే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వికదళం. హైదరాబాద్ భారత్‌లో విలీనమయ్యాక దళం రద్దయింది. పేరూ, పెళ్లిళ్ల మర్ఫా మోతా మిగిలాయి. మన చరిత్ర పుస్తకాల్లో వీరికి దక్కేది మహా అయితే ఒక పేరా.

ఆఫ్రోసెంట్రిజం అడిగేదీ ఇదే: ఆఫ్రికన్లు తమ చరిత్రలో కర్తలా, ఇతరుల కథలో పాత్రలా? సెనెగల్ పండితుడు షేక్ అంటా డియోప్ ప్రాచీన ఈజిప్టు నల్లజాతి నాగరికతేనని 1954లో వాదించాడు. అమెరికాలో మొలెఫీ కేటే అసాంటే 1980లో ‘ఆఫ్రోసెంట్రిసిటీ’ రాశాడు. 1988లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల్లో తొలి పీహెచ్‌డీ కోర్సు మొదలైంది, వెనుక ఉన్నది ఆయనే. గ్రీకు విద్యంతా ఈజిప్టు నుంచి కొట్టుకొచ్చిందన్న వాదాన్ని ప్రాచీన గ్రీకు పండితురాలు మేరీ లెఫ్కోవిట్జ్ 1996లో ఆధారాలతో ఖండించింది. ఆ ఖండన సబబే, అయినా అసలు ప్రశ్న చెక్కుచెదరలేదు.

ఆఫ్రోసెంట్రిజాన్ని పాన్ ఆఫ్రికనిజంతో కలిపేయకండి: అది రాజకీయ ఐక్యత, ఇది చూసే కోణం. ఈ కోణాన్ని కథగా చదవాలంటే అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976) ఉంది, తెలుగులో ‘ఏడు తరాలు’; అనువాదం సహవాసి.